‘టైగర్ నాగేశ్వరరావు’: కొన్ని మాటలకు వ్యాఖ్యానం

2023 దసరాకు వచ్చిన ‘టైగర్ నాగేశ్వరరావు’ దోపిడీల సినిమా. దర్శకుడు వంశీ, కథానాయకుడు రవితేజ. తెర మీద అందరూ దోచిన సొమ్ము లెక్కే చూస్తారు. ఆ కథ చుట్టూ వినబడే మాటల వెనక మరో లెక్క ఉంది.

స్టువర్టుపురం: బాపట్ల దగ్గరి ఊరు. పేరు మద్రాసు ప్రభుత్వంలోని తెల్లదొర హెరాల్డ్ స్టువర్ట్‌ది. 1871లో ఉత్తరాదిన పుట్టిన నేరస్థ తెగల చట్టం 1911లో మద్రాసు రాజధానికీ వచ్చింది. ఆ చట్టం కింద ఎరుకల కుటుంబాలను ఇక్కడ చేర్చి, క్రైస్తవ సంస్థ సాల్వేషన్ ఆర్మీ అజమాయిషీలో పెట్టారు. హాజరు పలకాలి, ఊరు దాటాలంటే చీటీ ఉండాలి. దొంగలు కూడి కట్టుకున్న ఊరు కాదిది, సర్కారు కట్టించిన ఊరు.

ఎరుకలవారు: బుట్టలల్లడం, సోది చెప్పడం, పందుల్ని పెంచడం వీళ్ల వృత్తులు. వీళ్లలో కొందరు పశువుల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని ఊరూరా అమ్మేవారు. రైళ్లొచ్చాయి, ఉప్పు మీద సర్కారు పట్టు బిగిసింది, ఆ బేరం పోయింది. సరుకున్నప్పుడు వర్తకుడైనవాడు సరుకు పోయాక అనుమానితుడయ్యాడు.

గజదొంగ: అసలు నాగేశ్వరరావు 1970ల నాటి మనిషి, 1980లో పోలీసుల చేతిలో చనిపోయాడు. సినిమా అతనికి గోదావరి మీద రైలు దోపిడీని, ప్రధాని ఇంటికే కన్నం వేస్తానన్న సవాలును ఇచ్చింది. దొంగ ఎంత గొప్పవాడైతే దోపిడీ కథ అంత రక్తి కడుతుంది. చిక్కంతా అక్కడే. తెలివి అతనొక్కడి ఖాతాలో పడుతుంది, దొంగతనం మాత్రం ఊరందరి ఖాతాలోకి పోతుంది.

హేమలతా లవణం: తెర మీద రేణు దేశాయ్ వేసిన పాత్ర. కవి జాషువా కూతురు, నాస్తికోద్యమ నాయకుడు గోరా కోడలు. భర్త లవణంతో కలిసి స్టువర్టుపురంలో ఏళ్ల తరబడి దొంగల పునరావాసానికి పాటుపడ్డారు. తుపాకీ లేని ఆ పని తెర మీద ఎక్కువసేపు నిలవదు. రాజకీయంగా చూస్తే మాత్రం కథ మొత్తంలో బరువైన పాత్ర ఇదే. దొంగను పట్టుకోవడం పోలీసు పని. దొంగ బిడ్డకు వేరే బతుకు చూపించడానికి పోలీసు చాలడు.

టీజర్: ఎరుకలవారినీ స్టువర్టుపురాన్నీ అవమానించేలా ఉందంటూ విడుదలకు ముందే ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం పడింది. నిర్మాతకు నోటీసులు వెళ్లాయి. మనోభావాల గొడవ అని కొట్టిపారేయడం తేలిక. ఉద్యోగానికో అద్దె ఇంటికో వెళ్లి ఊరి పేరు చెప్పాల్సి వచ్చేవాడికి అది పొట్టకూటి సంగతి.

కావలి: ఆ అనుమానం సినిమా బయటా ఉంది. మామిడి తోటలకు కాయ దించేదాకా కావలి ఉంటుంది. తోటలో కాయ పోతే ముందు ఎవరిని అడుగుతారన్నదే పరీక్ష. అటుగా వచ్చినవాళ్లందరినీ అడిగితే అది కాపలా. గట్టు మీద బుట్టలల్లుకునేవాళ్లను మాత్రమే నిలదీస్తే అది 1911 నాటి చట్టమే. కాగితం మీద ఆ చట్టం మద్రాసు రాష్ట్రంలో 1947లో, దేశమంతటా 1952లో రద్దయింది. ఈసారి స్టువర్టుపురం మీద సినిమా తీసేవారు దొంగతనం చేయని ఎరుకల మనిషికి పేరు, ఇల్లు, నాలుగు మంచి సీన్లు ఇవ్వాలి. గజదొంగకు అవి ఎప్పుడూ తక్కువ కాలేదు.