కాపాడేవారి మనసుకు కాపు ఎవరు?

మన దేశంలో మానసిక ఆరోగ్య సేవల చరిత్ర రాస్తే మెదక్ పేరు మొదటి పేజీల్లోనే వస్తుంది. కేంద్ర ప్రభుత్వం 1996లో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమాన్ని దేశం మొత్తమ్మీద నాలుగు జిల్లాలతో ప్రారంభించింది. వాటిలో ఆనాటి ఆంధ్రప్రదేశ్ నుంచి ఎంపికైంది మెదక్. మనసు చెదిరినవారు హైదరాబాద్‌లోని ఎర్రగడ్డ మానసిక ఆస్పత్రి దాకా పోనవసరం లేకుండా సొంత ఊరికి దగ్గర్లోనే వైద్యం అందాలన్నది దాని ఉద్దేశం.

ఆ ఆలోచన రోగుల కోసం పుట్టింది. మరి ప్రమాదం జరిగిన చోటికి అందరికంటే ముందు చేరే ఫైర్‌మన్లు, అంబులెన్స్ సిబ్బంది, కానిస్టేబుళ్ల మాటేమిటి? చూసిన ఘోరం వాళ్ల మనసులో ఏం మిగులుస్తుందో గుర్తించడానికి ప్రపంచానికి దశాబ్దాలు పట్టింది.

యుద్ధం నేర్పిన పాఠం

మొదటి ప్రపంచయుద్ధంలో ఒంటిమీద గాయమేదీ లేకుండానే మాట పడిపోయిన, చేతులు వణికే, నిద్ర పట్టని సైనికులు ఆస్పత్రులకు రాసాగారు. బ్రిటిష్ వైద్యుడు చార్లెస్ మయర్స్ 1915లో ఈ స్థితిని ‘షెల్ షాక్’ పేరుతో వైద్య పత్రికలో వర్ణించాడు. సైన్యం మాత్రం చాలాసార్లు దీన్ని పిరికితనంగానే చూసింది. యుద్ధం నుంచి పారిపోయారు, పిరికితనం చూపారు వంటి ఆరోపణలతో 306 మంది బ్రిటిష్, కామన్వెల్త్ సైనికులను కాల్చి చంపారు. వాళ్లకు క్షమాభిక్ష దక్కింది 2006లో!

అదే యుద్ధకాలంలో అమెరికా వైద్యుడు థామస్ సాల్మన్ సైనికుల చికిత్సకు మూడు సూత్రాలు చెప్పాడు. సాయం దగ్గర్లో ఉండాలి, వెంటనే అందాలి, కోలుకుంటావన్న నమ్మకంతో ఇవ్వాలి. ఆ తర్వాత వచ్చిన పద్ధతులు ఎన్ని మారినా ఈ మూడింటి విలువ తగ్గలేదు.

దివిసీమ శవాలు మోసినవాళ్లు

1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచెత్తింది. పది వేలమందికి పైగా చనిపోయారు. స్వచ్ఛంద సేవకులు, పోలీసులు, ఊరివాళ్లు రోజుల తరబడి బురదలోంచి, తుమ్మ చెట్లలోంచి శవాలు తీసి దహనం చేశారు. వాళ్ల సేవను తెలుగునేల ఈనాటికీ తలుచుకుంటుంది. ఆ తర్వాత వాళ్లకు నిద్ర పట్టిందా, అన్నం సహించిందా అని అడిగే ఏర్పాటు మాత్రం అప్పుడు లేదు. అడగాలన్న ఊహే ఇంకా రాలేదు.

అమెరికా మానసిక వైద్యుల సంఘం ఘోర అనుభవం తర్వాత వచ్చే మానసిక రుగ్మతను పీటీఎస్‌డీ పేరుతో అధికారికంగా గుర్తించింది 1980లో. మూడేళ్లకు, 1983లో, ఫైర్ సర్వీసులోనూ అంబులెన్సులోనూ పనిచేసిన జెఫ్రీ మిచెల్ అక్కడి రెస్క్యూ సిబ్బంది కోసం ఒక పద్ధతి ప్రతిపాదించాడు. ఘటన జరిగిన కొద్దిరోజుల్లో బృందమంతా కూర్చుని ఏం చూశారో, ఏం అనిపించిందో వరుసగా చెప్పుకోవాలి. ఫైర్ స్టేషన్లలో ఇది వేగంగా పాకిపోయింది.

ఉద్దేశం మంచిదే, ఫలితం మాత్రం అనుకున్నట్టు రాలేదు. ఒక్కసారి కూర్చోబెట్టి మాట్లాడించినంత మాత్రాన పీటీఎస్‌డీ ఆగదనీ, కొందరికి మేలుకన్నా కీడే జరగవచ్చనీ వైద్య పరిశోధనలను బేరీజు వేసిన 2002 నాటి కొక్రేన్ సమీక్ష తేల్చింది. తర్వాత ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లో మానసిక ప్రథమ చికిత్స మార్గదర్శిని వెలువరించింది. మనిషిని గమనించడం, చెప్పింది వినడం, అవసరమైన సాయంతో కలపడం దాని సారం. ఇష్టం లేనివాళ్ల నోరు బలవంతంగా విప్పించవద్దని అది స్పష్టంగా చెబుతుంది.

బళ్లారి నుంచి మెదక్‌కు

మన దేశం 1982లో జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమం ప్రకటించింది. బెంగళూరులోని నిమ్‌హాన్స్ 1985 నుంచి 1990 దాకా బళ్లారి జిల్లాలో ప్రయోగం చేసి, పీహెచ్‌సీ డాక్టర్లకు, ఆరోగ్య కార్యకర్తలకు శిక్షణ ఇస్తే జిల్లా స్థాయిలోనే మానసిక వైద్యం అందించవచ్చని చూపించింది. ఆ నమూనాయే 1996లో మెదక్‌కు వచ్చింది. భోపాల్ విషవాయువు, ఒడిశా తుపాను, గుజరాత్ భూకంపం, సునామీ అనుభవాల తర్వాత జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ 2009లో మానసిక, సామాజిక సాయంపై ప్రత్యేక మార్గదర్శకాలు తెచ్చింది. బియ్యం, గుడారాలతో పాటు మనసుకు సాయం కూడా విపత్తు నిర్వహణలో భాగమని ప్రభుత్వం అంగీకరించింది.

ఈలోగా 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో 108 అంబులెన్స్ సేవ మొదలైంది. అంతకు ముందు ప్రమాద బాధితులను ఆటోల్లో, లారీల్లో, పోలీసు జీపుల్లో ఆస్పత్రికి చేర్చేవారు. 108 రాకతో మృత్యువును రోజూ దగ్గర నుంచి చూసే కొత్త ఉద్యోగం ఒకటి పుట్టింది. బాధితుణ్ణి ఆస్పత్రిలో అప్పగించాక ఈఎంటీ, అంటే అంబులెన్స్‌లోని వైద్య సహాయకుడు, స్ట్రెచర్ మీది రక్తం తుడుస్తాడు. గ్లవ్స్ మార్చుకుంటాడు. వాడిన సూదులు, దూది వేరుచేసి పారేస్తాడు. వయసు, గాయాలు, చేర్చిన సమయం రికార్డులో రాస్తాడు. పైలట్ (అంబులెన్స్ డ్రైవర్) బండి తిప్పేలోపే మరో కేసు రావచ్చు. కాసేపటి క్రితం తన చేతుల్లోనే ఊపిరి వదిలిన మనిషి గురించి ఆలోచించడానికి ఆ మధ్యలో చోటెక్కడిది?

మెదక్ చూసిన ఘోరాలు

2014 జులై 24 ఉదయం మాసాయిపేట దగ్గర కాపలా లేని రైల్వే క్రాసింగ్‌లో స్కూలు బస్సును నాందేడ్ - సికింద్రాబాద్ ప్యాసింజర్ రైలు ఢీకొట్టింది. పదిహేను మందికి పైగా పిల్లలు, బస్సు సిబ్బంది ప్రాణాలు కోల్పోయారు. మొదట పరుగెత్తింది చుట్టుపక్కల ఊళ్లవాళ్లే. పట్టాల పక్కన పుస్తకాల సంచులు, టిఫిన్ డబ్బాల మధ్య నుంచి పిల్లలను ఎత్తుకొచ్చింది వాళ్లూ, పోలీసులూ, అంబులెన్సు సిబ్బందీ. అలాంటి ఘటనల తర్వాత రైల్వే శాఖ కదిలింది. బ్రాడ్‌గేజ్ మార్గాల్లో కాపలా లేని క్రాసింగులన్నిటినీ 2019 నాటికి తొలగించింది.

2020 మే 27న మెదక్ పట్టణానికి దగ్గర్లోని పాపన్నపేట మండలం పొడ్చన్‌పల్లిలో మూడేళ్ల బాలుడు అప్పుడే వేసిన బోరుబావిలో పడ్డాడు. రాత్రంతా లోపలికి ఆక్సిజన్ పంపుతూ, పక్కన జేసీబీలతో గొయ్యి తవ్వుతూ సిబ్బంది శ్రమించారు. బాలుడు ప్రాణాలతో దక్కలేదు. గట్టున తల్లి ఏడుపు వినిపిస్తుండగా గంటల తరబడి తవ్వి, చివరికి చిన్న శవాన్ని చేతుల్లోకి తీసుకోవడం ఎవరికైనా తేలికగా దిగమింగుకోగలిగిన అనుభవం కాదు. చేయాల్సిందంతా చేసినా ‘ఇంకాస్త ముందు వచ్చివుంటే’ అన్న మాట తొలుస్తూనే ఉంటుంది.

2025 జూన్ 30న ఉమ్మడి మెదక్ పరిధిలోని పాశమైలారంలో ఔషధ కర్మాగారం పేలి నలభై మందికి పైగా కార్మికులు చనిపోయారు. శరీరాలను డీఎన్ఏ పరీక్షలతో గుర్తించాల్సి వచ్చింది. శిథిలాల్లో రోజుల తరబడి వెదికినవాళ్లు కూడా ఆ ప్రమాద బాధితులేనని మనం ఒప్పుకోవాలి.

వాళ్ల బాధ బయటికి ఏడుపుగా రాకపోవచ్చు. నిద్రలో ఉలిక్కిపడటం, ఇంట్లో చిన్న మాటకే కస్సుమనడం, ఆ రోడ్డు వైపు పోవడానికి ఇష్టపడకపోవడం, రోజూ మందు తాగడం, ఎవరి కష్టానికీ మనసు కరగకపోవడం, ఇవన్నీ దాని గుర్తులే. ‘వీణ్ణి ఎర్రగడ్డకు పంపాలి’ అని ఎగతాళి చేసే చోట ఏ కానిస్టేబుల్ నోరు విప్పుతాడు?

చేయవలసినవి

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మానసిక రోగాన్ని శారీరక రోగంతో సమానంగా చూడాలంటోంది, బీమాలో సైతం. 2016 జిల్లాల పునర్విభజనతో మెదక్ పట్టణం తన జిల్లాకు కేంద్రమైంది. 2024లో ప్రభుత్వ వైద్య కళాశాలకు అనుమతి వచ్చింది. సాయం దగ్గర్లో ఉండాలన్న సూత్రాన్ని అమలు చేయడానికి ఈ ఊళ్లో ఇంతకన్నా మంచి సమయం లేదు.

ఘోర ఘటన తర్వాత బృందానికి విశ్రాంతి హక్కుగా ఇవ్వాలి. వారం తర్వాత ఒకసారి, నెల తర్వాత మరోసారి అదే ఉద్యోగంలో తలపండిన సీనియర్ పలకరించాలి. లక్షణాలు తగ్గనివాళ్లను మానసిక వైద్యుల దగ్గరికి పంపాలి. ఆ సంగతి సర్వీసు రికార్డుకు ఎక్కకూడదు, ప్రమోషన్‌కు అడ్డు రాకూడదు. కాంట్రాక్టు ఉద్యోగులను, గజ ఈతగాళ్లను, జేసీబీ డ్రైవర్లను, మొదట పరుగెత్తే ఊరివాళ్లను ఈ లెక్కలోంచి తప్పించకూడదు. ఇది దయతో చేసే పని కాదు, డ్యూటీ వేసినవాళ్ల బాధ్యత.

మీ ఇంట్లో, మీ వీధిలో ఇలాంటి ఉద్యోగి ఉంటే ‘ఏం చూశావ్?’ అని గుచ్చి అడక్కండి. అన్నం తిన్నాడా, నిద్రపోయాడా అని కనుక్కోండి, చెబితే వినండి. 2022 అక్టోబరు 10న ప్రారంభమైన టెలీమానస్ నంబరు 14416. ఇరవై నాలుగు గంటలూ ఉచితం, తెలుగులోనే మాట్లాడవచ్చు. ఆ నంబరును ప్రతి ఫైర్ స్టేషన్, పోలీస్ స్టేషన్ గోడ మీద, ప్రతి 108 బండిలోనూ రాసి పెట్టాలి.