బండి తలుపుకు అంటుకునే బోర్డు

కొరియర్ వ్యాను మీదనో, ఫ్రిజ్‌లు బాగుచేసేవారి కారు మీదనో పేరు, ఫోను నంబరు రాసిన పలుచని బోర్డు మీరు చూసే ఉంటారు. దానికి మేకు లేదు, జిగురు లేదు. సాయంత్రం ఊడదీసి లోపల పెడితే వ్యాపారపు బండి మళ్ళీ ఇంటి బండి అవుతుంది. దీని మందం సుమారు 0.8 మిల్లీమీటరు. ఇది వట్టి ప్లాస్టిక్ కాదు, శాశ్వత అయస్కాంతం. 1950కి ముందు ఇటువంటిది తయారుచేయడం ఎవరికీ సాధ్యమయ్యేది కాదు.

ఎందుకని? మీ ప్రయోగశాలలో ఉన్న గుర్రపులాడం ఆకారపు అయస్కాంతాన్ని చూడండి. ఆ ఆకారం అందం కోసం రాలేదు. ఏ అయస్కాంతానికైనా దాని సొంత ధ్రువాలే శత్రువులు. అవి లోపల వ్యతిరేక దిశలో క్షేత్రాన్ని కలిగించి దాన్ని బలహీనపరుస్తాయి. ధ్రువాల మధ్య పొడవు తగ్గి, వెడల్పు పెరిగినకొద్దీ ఈ నష్టం ఎక్కువ. ఉక్కు దీనిని తట్టుకోలేదు. అందుకే కడ్డీని పొడవుగా చేసి, వంచి, వాడనప్పుడు కొనలకు అడ్డంగా ఒక మెత్తని ఇనుపముక్క పెట్టేవారు. 1917లో జపాన్‌లో కోతారో హోండా కోబాల్టు ఉక్కునూ, 1931లో తోకుషిచి మిషిమా నికెలు, అల్యూమినియం కలిసిన ఇనుమునూ రూపొందించారు. బలం పెరిగింది కాని పలుచని రేకు అయస్కాంతం మాత్రం దూరంగానే ఉండిపోయింది.

దారి చూపించింది లోహం కాదు, తుప్పు! ఐరన్ ఆక్సైడుతో అయస్కాంతాలు చేయవచ్చని 1930 ప్రాంతంలో టోక్యోలో యోగోరో కాతో, తాకేషి తాకేయి చూపారు. 1950ల తొలినాళ్ళలో హాలెండ్‌లోని ఫిలిప్స్ ప్రయోగశాల బేరియం ఫెర్రైట్‌ను వెలువరించింది. ఐరన్ ఆక్సైడు, బేరియం కార్బొనేటు కలిపి కుండల మాదిరిగా కాల్చడమే. ఖరీదైన కోబాల్టు, నికెలు అక్కరలేదు. దీని బలం గొప్పది కాదు, మొండితనం గొప్పది. కార్బన్ ఉక్కు అయస్కాంతత్వాన్ని పోగొట్టడానికి 50 ఆర్‌స్టెడ్‌ల వ్యతిరేక క్షేత్రం చాలు. ఫెర్రైట్‌కు 2000కు పైగా కావాలి. పొడి చేసి రబ్బరులో కలిపినా, పలుచగా సాగదీసినా దాని గుణం పోదు.

ఈ రబ్బరు అయస్కాంతానికి గిరాకీ తెచ్చింది ఒక విషాదం. అమెరికాలో పారవేసిన ఫ్రిజ్‌లలో పిల్లలు ఆడుకుంటూ దూరేవారు. తలుపు గొళ్ళెం బయటినుంచే తెరుచుకునేది. ఊపిరాడక ఎందరో చనిపోయారు. తలుపు లోపలినుంచి కూడా తెరుచుకునేలా ఉండాలని 1956లో అక్కడ చట్టం వచ్చింది. గొళ్ళెం పోయి అయస్కాంతపు రబ్బరు పట్టీ వచ్చింది. నన్నడిగితే, బండి మీది బోర్డుకు దిక్సూచి కంటే ఫ్రిజ్ తలుపే దగ్గరి చుట్టం.

బోర్డు వెనుక ఉత్తర, దక్షిణ ధ్రువాలు సన్నని చారలుగా, ఒకటి విడిచి ఒకటి ఉంటాయి. రెండు ముక్కల్ని వెనుక వైపులు కలిపి నెమ్మదిగా జరపండి. ఒక దిశలో టకటకమని గెంతుతాయి, అడ్డదిశలో నున్నగా జారతాయి. చారలు సన్నగా ఉండబట్టి పట్టు గట్టిదే కాని దూరం పోదు. చార వెడల్పు 2 మిల్లీమీటర్లయితే, పావు మిల్లీమీటరు ఎడం వచ్చినా పట్టు దాదాపు సగమైపోతుంది.

వాడకంలో జాగ్రత్తలన్నీ ఇందులోంచే వచ్చాయి. రేకునూ బోర్డునూ తుడిచి, ఆరాకే పెట్టాలి. దుమ్ము చేరితే ఎడం ఏర్పడుతుంది, రంగు మీద గీతలూ పడతాయి. రేకు వంపుల మీద పెడితే అంచు లేస్తుంది, వేగంలో గాలి అక్కడే దూరి ఊడదీస్తుంది. రోజుల తరబడి వదిలేస్తే వెనుక తడి చేరి రంగు పాడవుతుంది. ఎండకు అయస్కాంతత్వం పోతుందనే భయం అనవసరం, ఫెర్రైట్‌కు ఆ గతి పట్టేది 450 డిగ్రీల సెల్సియస్ దగ్గర. ఎండకు చెడేది ప్లాస్టిక్. చుట్టాల్సివస్తే అక్షరాలు బయటికి వచ్చేలా చుట్టాలి, మడిస్తే పగులుతుంది.

కొన్ని బళ్ళకు ఇది అసలు అంటదు. యుద్ధానంతరం బ్రిటన్‌లో ఉక్కు కొరత వల్ల 1948 నాటి లాండ్‌రోవర్‌కు అల్యూమినియం మిశ్రమపు రేకులు వేశారు. 2015 మోడల్ నుంచి ఫోర్డ్ ఎఫ్-150 ట్రక్కు కూడా అల్యూమినియం శరీరంతోనే వచ్చింది. ఉక్కు తలుపు మీద కూడా ఒకచోట పట్టు తప్పితే అక్కడ సొట్టపడిందనీ, పుట్టీ పూసి రంగు వేశారనీ అనుమానించవచ్చు. పాత కారు కొనేవారు చిన్న అయస్కాంతం జేబులో వేసుకుని వెళ్ళేది ఇందుకే.