నూనె మిల్లు నుంచి కంప్యూటర్ దాకా

మా మొహల్లాలో ఓ కుర్రాడు అబ్బాజాన్ ఇంతెఖాల్ కాగానే డిగ్రీ వదిలి దుకాణంలో కూర్చున్నాడు. "నా తాలీమ్ ఖతం, చాచా" అన్నాడు. అతనికి విప్రో దాస్తాన్ చెప్పాను.

1945లో మహారాష్ట్రలోని అమల్నేర్‌లో మహమ్మద్ హషమ్ ప్రేమ్‌జీ వనస్పతి నూనెల కంపెనీ పెట్టారు. 1966లో ఆయన కన్నుమూశారు. అమెరికాలో, స్టాన్‌ఫర్డ్‌లో ఇంజనీరింగ్ చదువుతున్న కొడుకు అజీమ్ 21 ఏళ్లకే వాపస్ వచ్చి జిమ్మేదారీ ఎత్తుకున్నారు. నూనెకు సబ్బులు తోడయ్యాయి. 1978లో ఐబీఎం మన ముల్క్ వదిలి వెళ్తే, ఆ ఖాళీలో ఆయనకు మౌఖా కనిపించింది. 1980ల మొదట్లో విప్రో కంప్యూటర్లు తయారు చేసింది. ఆపై సాఫ్ట్‌వేరే దాని అసలు కారోబార్ అయింది.

ఆగిన ఆ డిగ్రీని అజీమ్ సాబ్ మూడు దశాబ్దాలు దాటాక పూర్తిచేశారు. దుకాణం నడుపు బేటా, కితాబు మాత్రం మూయకు.