హంతకుల జాడ, అలెగ్జాండ్రియా ఓడ

ఏప్రిల్ 15 లింకను వర్ధంతి గనుక ఏదేనొకటి వ్రాయుమని సంపాదకులవారి తాఖీదు. రాజహత్యలు లోకమునకు క్రొత్తవి కావు. సేనను చూపు నెపమున పుష్యమిత్రుడు మౌర్య బృహద్రథుని కూల్చెను, క్రీ.పూ. 44లో సీజరును సహచరులే సభలో పొడిచిరి. అటుపిమ్మటి పందొమ్మిది శతాబ్దులను, పాఠకులు మన్నింతురు గాక, ఒక్క అంగలో దాటి, నాకు మిక్కిలి ప్రియమైన కథకు వచ్చుచున్నాను. ఏలయన అమెరికాలో జరిగిన లింకను హత్యకు ఈజిప్టుతో లంకె కలదు.

కుట్రదారులలో నలుగురు 1865 జులై 7న ఉరికంబమెక్కిరి. వారిలో మేరీ సరాట్ అను వితంతు వొకతె. లింకనును అపహరింపవలెనన్న తొలి పన్నాగమున హంతకుడు బూత్‌తో చేయి కలిపిన ఆమె కొడుకు జాన్ మాత్రము, తల్లి విచారణ జరుగుచుండగా కెనడాలో మతగురువుల చాటున దాగి, పిదప లివర్‌పూలు మీదుగా రోము చేరి, వాట్సన్ అను మారుపేరున పోపుగారి జువావ్ పటాలమున సిపాయిగా కుదిరెను. ఆ కొడుకును మెచ్చజాలను గాని, ఆ పరుగును మెచ్చకుండనూ ఉండజాలను.

పాత పరిచయస్థుడొకడు అదే పటాలమున చేరి, వానిని గుర్తించి, అమెరికా రాయబారి చెవిని వేసెను. 1866 నవంబరులో వెరోలి యను కొండయూర పట్టువడిన సరాట్, మరునాటి యుదయముననే మరుగుదొడ్డి మిషతో కావలివారి నడుమనుండి లోయలోనికి దుమికి, నేపుల్సు చేరి, ‘ట్రిపోలీ’ యను స్టీమరెక్కెను. నవంబరు 23న అలెగ్జాండ్రియా క్వారంటైను వాకిట అమెరికా కాన్సలు చార్లెస్ హేల్ మూడవ తరగతి ప్రయాణికులలో వానిని ఇట్టే పోల్చుకొనెను. ఒంటిమీద ఆ జువావ్ దుస్తులే, పొట్టి కోటు, సల్వారువంటి వదులు లాగు! ఆ వేషము ఫ్రెంచివారు అల్జీరియా జువావా తెగనుండి గ్రహించినది. ఆఫ్రికా వేషమే ఆఫ్రికా గడ్డపై వానిని పట్టియిచ్చెను. పేరడుగగా వాల్టర్సు అనెను. ఈజిప్టు అప్పుడు భాగమైన ఉస్మానియా సామ్రాజ్యమున కాన్సలులకు స్వదేశీయులపై అధికారముండుటచే అప్పగింత ఒడంబడికతో పనిలేకపోయెను. ఈ కథలో ఈజిప్టు పాత్ర అంతమాత్రమే. వానిని అమెరికాలో విచారింపగా, 1867లో జూరీ ఏకాభిప్రాయమునకు రాలేదు. మరుసటియేట వాడు విడుదలయ్యెను. లింకను హత్య పోపు కుట్రయని గ్రంథములు వ్రాసినవారు, వానిని తొలుత పట్టినది పోపు ప్రభుత్వమేయని మరచిరి.

హంతకుల జాడను దేశముల వెంట పట్టు ఈ లెక్క ఇరువదవ శతాబ్దిలో చెడినది. 1963లో కెన్నెడీని కాల్చెనన్న ఆస్వాల్డు మిన్‌స్కు రేడియో ఫ్యాక్టరీలో పనిచేసినవాడు, క్యూబా వీసాకై మెక్సికో నగరమున తిరిగినవాడు. ఏ దేశమును పట్టుకొందుము? స్వీడను ప్రధాని పాల్మే 1986లో హతుడు కాగా, పోలీసులు కుర్దుల పక్షమును, దక్షిణాఫ్రికాను అనుమానించి, తుదకు 2020లో ఏనాడో మరణించిన స్వదేశీయు నొకని పేరు చెప్పి కేసు మూసిరి. తుపాకి మాత్రము దొరకలేదు.