కంపెనీ సరుకు

మా వైపు ఏ వస్తువు కొనుక్కొచ్చినా మొట్టమొదట ఎదురయ్యే ప్రశ్న ఒకటే. "కంపెనీదా, లోకలా?" మా వైపు అంటే మార్కాపురం, కంభం, గిద్దలూరు. పేపర్లలో పశ్చిమ ప్రకాశం అని రాస్తారే, అదన్నమాట. "కంపెనీదే" అని చెప్తే ఇక ధర ఎక్కువైనా ఎవరూ తప్పు పట్టరు. సాఫ్ట్‌వేర్ వాళ్ళం మనమూ అంతే కదా. ఆన్‌లైన్లో ఎన్ని స్టార్లు, ఎన్ని రివ్యూలు చూసినా చివరికి చిన్నప్పట్నుంచీ తెలిసిన పేరు కనబడగానే బటన్ నొక్కేస్తాం.

నేను చెప్పదల్చుకున్నది ఏమిటంటే, డబ్బా మీద పేరూ దాన్ని తయారుచేసిన కంపెనీ ఒకటే అన్న లెక్క ఒకప్పుడు నిజం. ఇప్పుడు చాలా వస్తువుల విషయంలో అది నిజం కాదు. దీనికి ఇంట్లో పాటలు వినే డబ్బాల చరిత్ర కంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు. రేడియో, టేప్ రికార్డర్, హోమ్ థియేటర్, ఇప్పుడు సౌండ్‌బార్.

మొదటినుంచీ వద్దాం. మా తాలూకాలు 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడేదాకా కర్నూలు జిల్లాలో ఉండేవి. ఆ కొత్త జిల్లాకి ప్రకాశం అని పేరు పెట్టింది 1972లో. ఆకాశవాణి మద్రాసు కేంద్రం 1938లో మొదలైంది, తెలుగు కార్యక్రమాలు ముందు అక్కడినుంచే వచ్చేవి. విజయవాడ కేంద్రం 1948 డిసెంబర్ 1న, కడప కేంద్రం 1963లో వచ్చాయి. తర్వాతి కాలంలో మార్కాపురంలోనే ఆకాశవాణి ఎఫ్ఎం కేంద్రం పెట్టారు. తొలిరోజుల్లో పల్లెల్లో చాలామంది రేడియో విన్నది సొంత ఇంట్లో కాదు, పంచాయతీ ఆఫీసు దగ్గర. సాయంత్రం మైకులోంచి వార్తలూ, వ్యవసాయ కార్యక్రమాలూ వస్తుంటే అరుగుల మీద కూర్చుని వినేవాళ్ళని మా తాత చెప్పేవాడు.

సొంత రేడియో అంటే అప్పట్లో చిన్న విషయం కాదు. మామూలు బడిపంతులు నెల జీతం మొత్తం పెట్టినా మంచి వాల్వ్ రేడియో వచ్చేది కాదు. పైగా దానికి లైసెన్సు! నమ్మబుద్ధి కాదుగానీ, మన దేశంలో 1985లో ఎత్తేసేదాకా రేడియో ఉన్నవాళ్ళు ఏటా పోస్టాఫీసులో ఫీజు కట్టాల్సిందే. మనం ఈరోజు సబ్‌స్క్రిప్షన్ అని తెగ తిట్టుకునేది కొత్తదేం కాదు :)

అంత డబ్బు పోసి కొనేవాడు పేరు చూడకుండా కొంటాడా? అప్పుడు వినపడే పేర్లు మర్ఫీ, ఫిలిప్స్, బుష్, హెచ్ఎంవీ. ఫిలిప్స్ 1891లో హాలండ్‌లోని ఐండ్‌హోవెన్‌లో బల్బుల కంపెనీగా పుట్టింది. 1930లో కలకత్తా వచ్చింది, 1948లో అక్కడే రేడియోలు తయారుచేయడం మొదలుపెట్టింది. మర్ఫీ 1929లో ఇంగ్లండ్‌లో ఫ్రాంక్ మర్ఫీ, ఈ.జే. పవర్ అనే ఇద్దరు పెట్టిన కంపెనీ. ఫ్రాంక్ మర్ఫీ 1937లోనే బయటికి వెళ్ళిపోయాడు, 1962లో ఇంగ్లండ్ కంపెనీని ర్యాంక్ వాళ్ళు కొనేశారు. అయినా మన దగ్గర ఆ పేరు ఇంకా చాలాకాలం వెలిగింది. పెదవి మీద వేలు పెట్టుకున్న మర్ఫీ బాబు బొమ్మ ఇప్పటి వాళ్ళకి కూడా తెలుసు, 2012లో వచ్చిన బర్ఫీ సినిమా పుణ్యమా అని.

మరి ఆ పేర్ల మీద అంత నమ్మకం ఎలా వచ్చింది? అవి చెడిపోయేవి కావని మాత్రం అనుకోకండి. వాల్వులు మాడిపోయేవి, కెపాసిటర్లు కారిపోయేవి, డయల్ దారం తెగేది. కానీ వెనకున్న అట్ట విప్పితే లోపలున్న ప్రతి భాగం కంటికి కనబడేది. వాల్వ్‌ని సాకెట్లోంచి బల్బులా లాగి ఇంకోటి పెట్టొచ్చు. సర్క్యూట్ డయాగ్రం డీలర్ దగ్గరో మెకానిక్ దగ్గరో దొరికేది. డిజైన్ చేసిందీ, ఫ్యాక్టరీ నడిపిందీ, స్పేర్ పార్టు పంపిందీ ఒకే కంపెనీ. పేరు చెడితే ఫ్యాక్టరీ మూతపడుతుందన్న భయం వాళ్ళకి ఉండేది. అంటే జనం నమ్మింది పేరుని కాదు, పేరు వెనకున్న ఈ మొత్తం ఏర్పాటుని.

అలాగని అదంతా స్వర్ణయుగం అనను. దిగుమతుల మీద ఆంక్షలుండేవి, ఉన్న నాలుగు కంపెనీల్లోంచే ఎంచుకోవాలి, ధరలు మామూలు వాడికి అందేవి కావు. ఈరోజు రెండు వేలకి వచ్చే బ్లూటూత్ స్పీకర్ మోత చూస్తే మా తాత నోరెళ్ళబెట్టేవాడు. చవకదనం మంచిదే. చవక సరుకుని పాత పేరుతో అమ్మడం దగ్గరే నా పేచీ అంతా.

ట్రాన్సిస్టర్ వచ్చాక రేడియో పొలం గట్టు మీదకి వెళ్ళింది. 1963లో ఫిలిప్స్ క్యాసెట్‌ని కనిపెట్టి, ఆ డిజైన్‌ని ఇతర కంపెనీలు ఉచితంగా వాడుకోనిచ్చింది. ప్రపంచమంతా ఒకే సైజు క్యాసెట్ ఉండటానికి కారణం అదే. ఓపెన్ స్టాండర్డ్ విలువ మనకి ప్రత్యేకంగా చెప్పక్కర్లేదు. మన వైపు కువైట్ వెళ్ళొచ్చినవాళ్ళు టూ-ఇన్-వన్‌లు తెచ్చారు. నేషనల్, సోనీ, ఐవా పేర్లు ఊళ్ళలోకి అలా వచ్చాయి.

ఇక్కడినుంచి కథ మారింది. పేరు ఒకచోట, ఫ్యాక్టరీ ఇంకోచోట అయ్యాయి.

ఐవా సంగతి చూడండి. 1951లో పుట్టిన జపాన్ కంపెనీ. 2002లో పూర్తిగా సోనీ చేతికి వెళ్ళింది, 2006లో సోనీ ఆ బ్రాండ్‌ని ఆపేసింది. 2017లో ఆ పేరు హక్కులు టొవాడా ఆడియో అనే వేరే కంపెనీకి వెళ్ళాయి. ఈరోజు ఐవా అని కనబడితే, అది 1990ల్లో మీ మామయ్య ఇంట్లో చూసిన ఐవా కాదు.

ఫిలిప్స్ కథ ఇంకా పొడుగు. మన దేశంలో 2010లో ఆ పేరుతో టీవీలు చేసి అమ్మే లైసెన్సు వీడియోకాన్‌కి ఇచ్చారు. ఆ వీడియోకానే 2018లో దివాలా కోర్టుకెక్కింది. 2013 జనవరిలో ఫిలిప్స్ తన ఆడియో వ్యాపారాన్ని జపాన్ కంపెనీ ఫునాయ్‌కి అమ్ముతానంది, అదే ఏడాది అక్టోబర్‌లో ఆ బేరం చెడింది. 2014లో దాన్ని గిటార్లు చేసే అమెరికన్ కంపెనీ గిబ్సన్ కొంది. 2018 మేలో గిబ్సన్ కూడా దివాలా పిటిషన్ వేసింది. ఆ తర్వాత ఆడియో లైసెన్సు టీపీవీ చేతికొచ్చింది. 2021లో మిక్సీలు, ఇస్త్రీపెట్టెల వ్యాపారాన్ని కూడా పదిహేనేళ్ళ పేరు లైసెన్సుతో సహా అమ్మేశారు. అసలు ఫిలిప్స్ ఇప్పుడు ముఖ్యంగా ఆస్పత్రి పరికరాల కంపెనీ. ఇందులో దాపరికం ఏమీ లేదు, అన్నీ బహిరంగంగా ప్రకటించి చేసినవే. కాకపోతే షాపుకెళ్ళే మనిషికి ఇవేవీ కనపడవు. అతనికి కనపడేది అవే అక్షరాలు.

నాకు అన్నిటికంటే బాధ కలిగించిన కథ బ్లౌపుంక్ట్‌ది. 1920ల్లో బెర్లిన్‌లో ఐడియల్ అనే కంపెనీ హెడ్‌ఫోన్లు చేసేది. పరీక్షలో పాసైన ప్రతి జత మీదా నీలం చుక్క పెట్టేవాళ్ళు. జనం షాపుల్లో "నీలం చుక్కది ఇవ్వండి" అని అడగడం మొదలెట్టారు. 1938లో కంపెనీ తన పేరునే నీలం చుక్క అని మార్చుకుంది. జర్మన్లో బ్లౌపుంక్ట్ అంటే అదే. దాన్ని 1933లోనే కొన్న బాష్ కంపెనీ 2008 చివర్లో అమ్మేసింది, 2015-16కల్లా బ్లౌపుంక్ట్ దివాలా తీసింది. ఇప్పుడా పేరు దేశానికొకరు లైసెన్సు తీసుకుని వాడుకుంటున్నారు. ఇక్కడ జరిగింది ఆలోచించండి. ఆ చుక్క మొదట్లో ఒక టెస్ట్ రిజల్ట్. ఒక మనిషి చెవికి పెట్టుకుని విని, బాగుందని పెట్టిన గుర్తు. తర్వాత అది పేరయింది, చివరికి అద్దెకిచ్చే ఆస్తి అయింది.

మన భాషలో చెప్పాలంటే ఇది ప్యాకేజీ మెయింటెయినర్ మారడం లాంటిది. 2018లో ఈవెంట్-స్ట్రీమ్ అనే ఎన్‌పీఎం ప్యాకేజీకి ఏం జరిగిందో గుర్తుందా? అసలు రచయితకి దాన్ని చూసుకునే తీరిక లేక అడిగినవాడికి అప్పగించాడు. కొత్తవాడు బిట్‌కాయిన్లు దొంగిలించే కోడ్‌ని డిపెండెన్సీగా చేర్చాడు. పేరు అదే, ఇన్‌స్టాల్ చేసే కమాండూ అదే. బ్రాండు లైసెన్సు తీసుకున్నవాళ్ళంతా దొంగలని కాదు, బాగా చేసేవాళ్ళూ ఉన్నారు. కానీ పేరు చూసి కొనేవాడు పాత మెయింటెయినర్‌నే నమ్ముతున్నాడు, ఆయనేమో ఎప్పుడో వెళ్ళిపోయాడు.

మార్కాపురం పలకల విషయంలో ఇలా జరగలేదు. పెద్దలు దిద్దిన రాతి పలకలకి మా ఊరు పేరు. ఆ పేరు ఏ కంపెనీదీ కాదు, రాయి అక్కడి గనుల్లో దొరికేది కాబట్టి వచ్చింది. ప్లాస్టిక్ పలకలూ, నోటుపుస్తకాలూ వచ్చాక ఆ వ్యాపారం బాగా దెబ్బతింది. అయినా ప్లాస్టిక్ పలకని మార్కాపురం పలక అని ఎవరూ అనరు. రాయి పోతే పేరూ పోయింది, నిజాయితీగా.

ఇక నా సొంత గోడు కొంచెం. రెండేళ్ళ కిందట మా నాన్న కోసం ఒక 5.1 హోమ్ థియేటర్ కొన్నాను. ఏ కంపెనీదో చెప్పను, ఇక్కడ ఎక్కడా ఆ పేరు లేదు. ఇంట్లో అందరూ మెచ్చుకున్న పేరు మాత్రం అవును. సాయంత్రం ఘంటసాల పాటలు పెట్టుకోవడం ఆయనకి రోజూ అలవాటు. పద్నాలుగో నెలలో ఆన్ అవడం మానేసింది. మా దగ్గర వోల్టేజి సంగతి తెలుసు కాబట్టి మొదటిరోజు నుంచీ స్టెబిలైజర్ మీదే ఉంది. సర్వీస్ సెంటర్ ఒంగోల్లో. దాదాపు వంద కిలోమీటర్లు మోసుకెళ్తే "బోర్డు స్టాకు లేదు సార్, కొత్తదాని మీద డిస్కౌంట్ ఇస్తాం" అన్నారు. మార్కాపురంలో తెలిసిన మెకానిక్ అన్న దగ్గర విప్పించాం. "తమ్ముడూ, పేరే వాళ్ళది. ఇదే బోర్డు ఇంకో రెండు కంపెనీల డబ్బాల్లో చూశా" అన్నాడు. పవర్ సప్లైలో ఒక కెపాసిటర్ ఉబ్బి ఉంది. అది మారిస్తే నాలుగు నెలలు ఆడింది. తర్వాత యాంప్లిఫయర్ చిప్ పోయింది, అది మాత్రం దొరకలేదు. నాన్న ఇప్పుడు ఫోన్లో వింటున్నాడు. ఆ డబ్బా టీవీ స్టాండు కింద పడి ఉంది.

ఆ కెపాసిటర్ లెక్క ఒకసారి చూడండి. 10 డిగ్రీల వేడి తగ్గితే దాని ఆయుష్షు రెట్టింపు అవుతుందనేది ఈసీఈ వాళ్ళకి తెలిసిన బండ లెక్క. డబ్బా లోపల 65 డిగ్రీలు ఉందనుకుందాం, మా ఎండలకి అదేమీ ఎక్కువ కాదు. 85 డిగ్రీల దగ్గర 2000 గంటలకి రేట్ చేసినది సుమారు 8000 గంటలు వస్తుంది. 105 డిగ్రీల దగ్గర 2000 గంటలదైతే 32000 గంటలు. రిమోట్‌తో ఆపినా స్టాండ్‌బై సర్క్యూట్ నడుస్తూనే ఉంటుంది, ఏడాదికి 8760 గంటలు. ఒకటి ఏడాది చుట్టుపక్కల పోతుంది, ఇంకోటి మూడున్నరేళ్ళు దాటుతుంది. ఈ రెండు భాగాల మధ్య తేడా కొద్ది రూపాయలే. సొంత పేరుని పాతికేళ్ళు కాపాడుకోవాల్సినవాడు ఆ రూపాయలు ఖర్చుపెడతాడు. పేరుని ఐదేళ్ళకి అద్దెకి తీసుకున్నవాడికి ఆ అవసరం ఏముంది?

సొంత పేరుతో సొంతంగా చేసేవాళ్ళయితే చాలా? అదీ చాలదు. సోనోస్ అమెరికాలో మన వాళ్ళు చాలామంది ఇష్టంగా కొనుక్కున్న బ్రాండ్. పాతది ఇచ్చి కొత్తదాని మీద 30 శాతం తగ్గింపు పొందాలంటే, పనిచేస్తున్న పాత స్పీకర్‌ని "రీసైకిల్ మోడ్"లో పెట్టి శాశ్వతంగా పనికిరాకుండా చేయమన్నారు. జనం మండిపడ్డాక 2020లో దాన్ని తీసేశారు. 2024 మేలో యాప్‌ని మొత్తం తిరగరాసి, అలారం, స్లీప్ టైమర్ లాంటివి లేకుండానే వదిలారు. స్పీకర్లలో ఏ లోపమూ లేదు, కానీ పాట పెట్టడమే కష్టమైపోయింది. 2025 జనవరిలో సీఈఓ దిగిపోవాల్సి వచ్చింది. వాల్వ్ మాడితే మా మెకానిక్ అన్న మార్చగలడు. అవతల ఎవరో చేసిన రిలీజ్‌ని ఆయనేం చేస్తాడు? అలాంటి రిలీజులు చేసే ఉద్యోగంలో ఉన్నవాళ్ళం మనమే కాబట్టి, ఇది మనకి మిగతావాళ్ళకంటే ఎక్కువ గుచ్చుకోవాలి.

మన చేతిలో ఉన్నదేమిటి? ముందువైపు అక్షరాలు వదిలేసి అట్టపెట్టె వెనక చూడండి. 2011 నాటి లీగల్ మెట్రాలజీ నిబంధనల ప్రకారం తయారీదారు లేదా దిగుమతిదారు పేరూ చిరునామా అక్కడ ఉండాలి. "లైసెన్సు కింద" అని చిన్న అక్షరాల్లో ఉందేమో వెతకండి. మీ ఊరికి దగ్గర్లో సర్వీస్ సెంటర్ ఎక్కడుందో కొనకముందే ఫోన్ చేసి కనుక్కోండి. కేంద్ర వినియోగదారుల శాఖ 2022 డిసెంబర్‌లో రైట్ టు రిపేర్ పోర్టల్ పెట్టింది. మీరు కొనబోయే కంపెనీ మాన్యువల్, స్పేర్ల వివరాలు అందులో ఉన్నాయో లేదో చూడండి. లేకపోతే అదే ఒక జవాబు.

లోకల్ సరుకు కొన్నవాడు ఎప్పుడూ మోసపోలేదు. అది ఎన్నాళ్ళుంటుందో వాడికి తెలుసు, దానికి తగ్గ రేటే ఇస్తాడు. ఎవరు చేశారో, ఎవరు బాగుచేస్తారో తెలియని డబ్బా మీద ఎంత గొప్ప పేరున్నా నా దృష్టిలో అదీ లోకలే. అలాంటిదానికి లోకల్ రేటే ఇవ్వండి, అంతకు మించి రూపాయి కూడా వద్దు.