మోటుపల్లి స్తంభం మీది సుంకాల పట్టీ

ఓడ పగిలితే సరుకు ఎవరిది? మధ్యయుగాల్లో మన తీరాన్ని ఏలిన రాజులకు ఇది అసలు ప్రశ్నే కాదు. గాలివానకు చిక్కి ఒడ్డుకు కొట్టుకొచ్చిందంతా రేవు ఎవరిదైతే వారిదే. దూరదేశపు వర్తకుడికి సముద్రం ఒక గండమైతే ఒడ్డు రెండో గండం. ఇవాళ బాపట్ల జిల్లాలో ఉన్న మోటుపల్లిలో కాకతీయ గణపతిదేవుడు శక సంవత్సరం 1166లో, అంటే 1244–45లో, స్తంభం మీద చెక్కించిన అభయశాసనం ఈ రెండో గండం గురించినదే. పూర్వపు రాజులు పగిలిన ఓడల్లోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు బలవంతంగా లాక్కునేవారని అది దాచకుండా చెబుతుంది. ప్రాణం కన్నా ధనమే గొప్పదనుకుని సముద్రానికి ఎదురెళ్లినవారి మీద దయతోనూ, కీర్తి కోసం, ధర్మం కోసమూ ‘క్లృప్తశుల్కం’ తప్ప మరేమీ తీసుకోనని రాజు అందులో మాట ఇచ్చాడు. క్లృప్తశుల్కమంటే ముందే ఖరారు చేసిన సుంకం.

దీన్ని రాజు దయాగుణానికి గుర్తుగా చూపడం మామూలే. నాకు మాత్రం దయ కన్నా ఆ ‘ముందే ఖరారు చేసిన’ అన్న మాటే బరువైనదిగా తోస్తుంది. దయ ఏలేవాడి మనసును బట్టి మారుతుంది. ఎగుమతికైనా దిగుమతికైనా ముప్పైకి ఒకటి అన్న లెక్క ఎవరు కూడినా ఒకటే. గంధం, చీనా కర్పూరం, ముత్యాలు, పన్నీరు, దంతం, జవ్వాది, రాగి, సీసం, పట్టునూలు, పగడం, మిరియాలు, పోకచెక్కలు అంటూ సరుకుల వారీగా సుంకాలు రాతికెక్కాయి. బేరగాడికి రాజు మీద భక్తి అక్కర్లేదు. లంగరు ఎత్తకముందే తనకు మిగిలేదెంతో తెలిస్తే చాలు.

చెక్కినంత మాత్రాన సుంకరులు పాటించారా అని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే; శాసనం మాటకు సాక్ష్యం, నడతకు కాదు. అయితే 13వ శతాబ్దం చివరి సంగతులు చెప్పిన మార్కోపోలో ఈ రాజ్యాన్ని రాజధాని ఓరుగల్లు పేరుతో కాక రేవు పేరుతో, ‘ముత్ఫిలి’ అని పిలిచాడు. ఇక్కడి వజ్రాలనూ సాలెగూడులాంటి సన్నని బట్టలనూ మెచ్చుకున్నాడు. అతను స్వయంగా ఇక్కడ కాలుపెట్టాడా అన్నది వేరే తగవు. దోచుకునే రేవుకు ఓడలు మళ్లీ మళ్లీ రావు, దాని పేరు అంత దూరం పాకదు. రాజుకు కావలసింది గుర్రాలూ రాబడీ కదా, ఇందులో ధర్మమేముందని మరో ఆక్షేపణ. నిజమే, నమ్మకానికి ఆ స్వార్థమే మేలు చేసింది: మాట తప్పితే ఖజానాకే నష్టం.

ఈ శాసనం బలహీనత మరోచోట ఉంది. మాట ఇచ్చింది ఒక వంశం. 1323లో ఓరుగల్లు పడగానే ఆ మాటకు పూచీ పోయింది. అందుకే 1358లో రెడ్డిరాజు అనవోతారెడ్డి అదే రేవులో కొత్త శాసనం వేయించాల్సి వచ్చింది. అది పాతదానికి నకలు కాదు. వచ్చి స్థిరపడే వర్తకులకు భూమి ఇస్తామన్నారు, సరుకు ఇష్టమైనవారికి అమ్ముకోవచ్చన్నారు, వెళ్లిపోతామంటే ఆపబోమన్నారు. అపుత్రిక పన్నునూ ఎత్తివేశారు. సముద్రంలో పగిలిన ఓడ సరుకు మీద గణపతిదేవుడు వదులుకున్న హక్కును, కొడుకులు లేకుండా ఒడ్డున కన్నుమూసినవాడి ఆస్తి మీద రెడ్డిరాజు వదులుకున్నాడు.