ఏడవని బిడ్డ సాక్ష్యం

1980ల తొలినాళ్లు. ఆక్స్‌ఫర్డ్‌లోని జాన్ రాడ్‌క్లిఫ్ ఆసుపత్రిలో, పురిటిబిడ్డల వార్డు. మన దేశంలో వైద్యం చదివి వెళ్లిన కుర్ర డాక్టరు కన్వల్‌జీత్ ఆనంద్‌కు ఒకటి అంతుపట్టలేదు. ఆపరేషన్‌కు పంపేటప్పుడు కాస్త కుదురుగా ఉన్న నెలతక్కువ బిడ్డలు తిరిగొచ్చేసరికి పాలిపోయి, నాడి పరుగులెత్తుతూ ఉండేవారు. మరి థియేటర్లో ఏం జరుగుతోంది?

ఆరా తీశాడు. కండరాలు కదలకుండా చేసే మందు, కాస్త నైట్రస్ ఆక్సైడ్ ఇస్తారు, అంతే. నొప్పిని అణిచే బలమైన మందు లేదు. అడగందే అమ్మైనా అన్నం పెట్టదంటారు. ఇక్కడ అడిగే నోటినే కట్టేశారు.

ఆ వైద్యులేం కసాయివాళ్లు కారు. మత్తు ఎక్కువైతే బిడ్డ దక్కదన్న భయం ఉత్తిది కాదు. దానికి పసికందుకు నొప్పి తెలియదన్న నమ్మకం తోడైంది. ఈ నమ్మకం జాడ పట్టుకుని వెనక్కి పోతే 1941 తగులుతుంది. న్యూయార్క్‌లో మర్టిల్ మెక్‌గ్రా పసిపిల్లల్ని గుండుసూదితో గుచ్చి చూశారు. అప్పుడే పుట్టినవాళ్లలో కొందరు కదల్లేదు. కదిలినవాళ్లది మెదడు పైపొరతో పనిలేని ప్రతిచర్య అనుకున్నారు. కదలకపోతే నొప్పి లేనట్టు, కదిలితే అది లెక్కలోకి రానట్టు! ఇక బిడ్డ ఏం చేస్తే నమ్ముతారు?

రెండో ఆధారం నరాల మీది మైలిన్ తొడుగు. పుట్టేనాటికి అది పూర్తిగా ఏర్పడదు గనక నొప్పి కబురు మెదడుకు చేరదన్నారు. చిత్రమేమిటంటే, పెద్దవాళ్లలోనూ నొప్పిని మోసే నరపు పోగుల్లో చాలావాటికి ఆ తొడుగే ఉండదు. లేకపోతే కబురు నెమ్మదిగా నడుస్తుంది, అంతే. బిడ్డ ఒంట్లో అది నడవాల్సిన దూరమూ జానెడే.

గొంతు లేవదు, ముఖం కదలదు. ఇక సాక్ష్యం చెప్పగలిగేది రక్తమే. ఆనంద్, ఆయన గురువు ఐన్‌స్లీ-గ్రీన్, జర్మనీలోని కీల్‌కు చెందిన హార్మోన్ల నిపుణుడు సిప్పెల్ ఒక్కటయ్యారు. గుండె దగ్గర మూసుకోని రక్తనాళాన్ని ముడివేయాల్సిన 16 మంది నెలతక్కువ బిడ్డల్ని తీసుకున్నారు. 8 మందికి పాత పద్ధతే. మిగతా 8 మందికి దానికి తోడు నొప్పిని అణిచే బలమైన మందు ఫెంటనిల్. ఫెంటనిల్ అందని బిడ్డల రక్తంలో ఒంటి ఒత్తిడిని చాటే అడ్రినలిన్, చక్కెర ఎగబాకాయి. ఆపరేషన్ తర్వాత ఇబ్బందులూ వాళ్లకే ఎక్కువ. ఏ మందు ప్రాణం తీస్తుందని భయపడ్డారో, అది లేకే బిడ్డ నలిగిపోతోంది. ఈ ఫలితం 1987 జనవరిలో లాన్సెట్ వైద్యపత్రికలో అచ్చయింది.

అప్పటికే అమెరికాలో ఓ తల్లి, తన బిడ్డకు గుండె దగ్గర కోత పెట్టినప్పుడు కండరాల మందు తప్ప మరేమీ ఇవ్వలేదని తెలిసి పత్రికలకెక్కింది. అక్కడి పిల్లల వైద్యుల అకాడమీ 1987లోనే పసికందులకూ మత్తు ఇవ్వాలని ప్రకటించింది. మరుసటి ఏడు సియాటిల్‌లో పిల్లల నొప్పి మీద తొలి అంతర్జాతీయ సదస్సు జరిగింది.

బిడ్డ స్పందనకు మెదడు పైపొరతో పనిలేదన్న మెక్‌గ్రా మాట మాత్రం తేలకుండా మిగిలిపోయింది. 2015లో అదే ఆక్స్‌ఫర్డ్‌లో రెబెకా స్లేటర్ బృందం వారం కూడా నిండని 10 మంది బిడ్డల పాదాన్ని తాకుతూ మెదడును స్కాన్ చేసింది. పెద్దల మెదడులో నొప్పికి స్పందించిన 20 చోట్లలో 18 వాళ్లలోనూ స్పందించాయి. ఈసారి గుండుసూది వాడలేదు. పెన్సిల్‌తో పొడిచినంత మెల్లగా, నిద్ర చెదరకుండా తాకారు.